సిస్టరమ్మ జవాబులు: మతిమరుపు మనిషికి ఇల్లు ఎట్లుండాలి?

పోయిన సంచికలో ఒకామె, వాళ్ళత్తకు డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, అని తేలిందనీ, డాక్టరు మందులు రాసి "ఇంట్లో జాగ్రత్తగా చూసుకోండి" అన్నారనీ, ఆ జాగ్రత్త ఏమిటో మాత్రం ఎవరూ చెప్పలేదనీ రాసింది. ఇంట్లో వెలుతురు పెంచండి, సామాన్లు జరపకండి, బాత్రూమ్ తలుపు కనపడేటట్టు పెట్టండి అని నేను రెండు మూడు మాటల్లో జవాబిచ్చాను. ఆ తరువాత వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు చూస్తే అది చాలలేదని తెలిసింది. 2023లో వచ్చిన దేశవ్యాప్త సర్వే లెక్క ప్రకారం మన దేశంలో 60 దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. అందుకే ఈసారి పేజీ అంతా దీనికే. పేర్లు తీసేసి ఊర్లు మాత్రం ఉంచాను.

కొత్తగా చదివేవాళ్ళ కోసం చెప్తున్నాను, నేను డాక్టరును కాను. అనంతపురంలో వార్డు నర్సుగా చేసి రిటైరయ్యాను. మా అత్తకు ఈ జబ్బు వస్తే చివరిదాకా ఇంట్లోనే ఉంచుకుని చూసుకున్నాం. మందుల సంగతి మీ డాక్టరునే అడగండి. నేను చెప్పేది బండలు, బల్బులు, తలుపులు, తట్టల సంగతి. ఇది చిన్న విషయమేమీ కాదు. 2020లో వచ్చిన ప్రపంచ ఆల్జీమర్స్ నివేదిక (డిమెన్షియాలో ఎక్కువమందికి వచ్చే రకమే ఆల్జీమర్స్) మొత్తం, ఈ జబ్బున్నవాళ్ళకు ఇళ్ళు, ఆసుపత్రులు ఎట్లా ఉండాలనే దాని మీదే రాశారు. మనిషికి ఎన్నిసార్లు చెప్పినా గుర్తుండదు కాబట్టి, చెప్పాల్సింది ఇల్లే చెప్పేటట్టు చేసుకోవాలి. ఇక ఉత్తరాలు.

కర్నూలు నుంచి ఒక కొడుకు

*సిస్టరమ్మ గారికి నమస్కారం. మా నాయనకు 78 ఏళ్ళు. ఆల్జీమర్స్ అని చెప్పారు. 2009 అక్టోబరు వరదలో మా పాత ఇల్లు మునిగిపోయింది. అమ్మా నాయనా మిద్దె మీద రాత్రంతా తడుస్తూ కూర్చున్నారు. ఈమధ్య కొత్త ఇల్లు కట్టుకుని, హాలంతా మెరిసే నల్ల గ్రానైట్ వేయించినాం. నాయన తన గదిలో నుంచి హాల్లోకి రాడు. గడప దగ్గరే నిలబడి "నీళ్ళొచ్చినాయి, పంచ పైకి కట్టుకోండి" అంటాడు. లాగితే కేకలు పెడతాడు. వరద భయం మళ్ళీ తిరగబెట్టిందా? మానసిక డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలా?*

వరద కొంత, మీ గ్రానైట్ చాలా. నాయనా, ముందు ఒక పని చెయ్యి. సాయంత్రం ట్యూబ్‌లైటు వేసినాక మీ నాయన గారు నిలబడే గడప దగ్గరే నువ్వూ నిలబడి, ఆయనంత ఎత్తుకు వంగి నేల వైపు చూడు. ట్యూబ్‌లైటు కిందికి దిగి నల్లటి నేలలో తెల్లగా ఊగుతుంటుంది. ఫ్యాను నీడ తిరుగుతుంటుంది. నీకు అది బండ అని తెలుసు కాబట్టి బండే కనపడుతుంది.

ఈ జబ్బులో కన్ను బాగున్నా, కన్ను చూసినదాన్ని మెదడు లెక్కగట్టడంలో తేడా వస్తుంది. లోతెంత, ఎత్తెంత అనేది అంచనాకు అందదు. అందువల్ల మెరిసే నేల తడిగా, నల్లటి నేల గుంతగా అనిపిస్తుంది. వరద అన్నది ఎన్నడూ చూడనివాళ్ళు కూడా నల్లటి డోర్‌మ్యాట్ దగ్గర ఆగిపోయి, దాన్ని దాటుకుని అడుగేయడం నేను చూశాను. ఇక మీ నాయన గారు తుంగభద్ర, హంద్రీ రెండూ ఇంట్లోకి రావడం చూసిన మనిషి. నిన్నటి సంగతి పోయినా పాత సంగతులు చాలాకాలం నిలుస్తాయి. నేల తడిగా కనపడగానే ఆయన మెదడుకు దొరికే మొదటి అర్థం అదే.

గ్రానైట్ పగలగొట్టాల్సిన పనిలేదు. ఆయన గది నుంచి హాలు మీదుగా బాత్రూమ్ దాకా, ఆయన నడిచే దారి అంతా మెరుపు లేని ఒకే రంగు వినైల్ షీటు పరిపించు. ఇవి రోల్‌గా దొరుకుతాయి. మట్టి రంగో, లేత చెక్క రంగో తీసుకో. పూల డిజైను వద్దు, వంగి పూలు ఏరబోయి పడతారు. గళ్ళూ వద్దు, ఒక్కో గడీ ఒక్కో మెట్టులాగా కనపడుతుంది. అంచులు బాగా అంటించాలి. జంపఖానాలు, చిన్న చిన్న మ్యాట్లు పరిచి సరిపెట్టుకుందామనుకోవద్దు, అవి జారి తుంటి ఎముక విరిగితే ఈ జబ్బున్న మనిషి మళ్ళీ లేచి నడవడం చాలా కష్టం. ఆయన గది నేల రంగు, హాలు షీటు రంగు దగ్గరదగ్గరగా ఉంటే ఇంకా మంచిది. రంగు మారిన చోటల్లా ఆయనకు అక్కడో మెట్టు ఉన్నట్టే.

నిజంగా మెట్టు ఉన్నచోట మాత్రం రంగు గట్టిగా మారాలి. మన గడపలకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెడతాం చూడు, దాన్ని మానొద్దు. గోధుమ రంగు నేల మీద పసుపు గడప "ఇక్కడ కాలెత్తు" అని చెప్తుంది. బయట మెట్ల అంచులకు పసుపు రంగు పెయింటు పట్టీ వేయించు. తేడా ఉన్నచోట తేడా తెలియాలి, లేనిచోట తెలియకూడదు. ఈ ఒక్కటి పట్టుకుంటే సగం ఇల్లు మీకు మీరే దిద్దుకోగలరు.

తరువాత వెలుతురు. 60 ఏళ్ళు వచ్చేసరికి కంటి వెనక పొరకు చేరే వెలుతురు, 20 ఏళ్ళప్పుడు చేరినదాంట్లో మూడో వంతు ఉంటుంది. మీకు సరిపోయే ఒక ట్యూబ్‌లైటు ఆయనకు మసక చీకటి. హాల్లో ఇంకో రెండు లైట్లు పెట్టించండి. కానీ బల్బు నేరుగా కంట్లో పడకూడదు, నేల మీద చారల నీడలు పడకూడదు. కిటికీ ఊచల నీడ కూడా కొందరిని ఆపేస్తుంది, అక్కడ పల్చటి కర్టెను వేస్తే చాలు. అన్నిటికంటే ముందు కంటి డాక్టరుకు చూపించు. శుక్లాలున్న కంటికి మనం ఎన్ని రంగులు మార్చినా ప్రయోజనం తక్కువ.

షీటు పరిచేదాకా "నీళ్ళెక్కడున్నాయి నాయనా, నీకు పిచ్చా" అని వాదించకండి. చెయ్యి అందించి, నువ్వు ముందు దిగి నిలబడి, "నీళ్ళు తీసినాయి, రా" అను. సైకియాట్రిస్టుకు చూపించడంలో తప్పేం లేదు, భయం రోజంతా ఉంటే చూపించాల్సిందే. కానీ హాల్లో ఒక్కచోటే, అదీ సాయంత్రమే అయితే ముందు మేస్త్రీని పిలవండి.

ఇల్లు కట్టబోయేవాళ్ళు ఇది చదువుతుంటే ఒక మాట. నాపరాయి దొరికే బేతంచెర్ల, తాడిపత్రి, కడప పక్కనే పెట్టుకుని మనం అద్దంలాంటి టైల్స్ కోసం ఎగబడుతున్నాం. మెరుగు పట్టని నాపరాయి కాలికి పట్టిస్తుంది, కంటికి కొట్టదు. ముసలితనం అందరికీ వస్తుంది, మేస్త్రీకి ఆ సంగతి చెప్పండి.

అనంతపురం నుంచి ఒక కోడలు

*మా అత్తకు 74. కూర్చోబెట్టి అన్నం పెడితే నాలుగు ముద్దలు తిని ఊరుకుంటుంది. మేం తినిపిస్తే తింటుంది. పెరుగన్నమైతే అసలు ముట్టదు. ఇంకొకటి చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. బాత్రూమ్ పక్కనే ఉన్నా వసారా మూలలో కూర్చుని పోసేస్తుంది. కావాలనే చేస్తుందని మా ఆడబిడ్డ అంటోంది.*

ఇందులో సిగ్గుపడాల్సింది ఏముందమ్మా. నాకు వచ్చిన ఉత్తరాల్లో సగం దీని గురించే, మిగతావాళ్ళు రాయలేక తిండి గురించి రాసి ఆపేశారు. మీ ఆడబిడ్డను ఒక వారం వచ్చి ఉండమను.

తిండి సంగతి ముందు. స్టీలు తట్టలో తెల్లన్నం, దాని మీద తెల్ల పెరుగు. తట్ట మెరుస్తుంటుంది, అన్నానికీ తట్టకూ మధ్య గీత ఆమెకు కనపడదు. కనపడింది తిని, మిగతాది లేదనుకుని లేస్తుంది. 2004లో అమెరికాలోని బోస్టన్ పరిశోధకులు జబ్బు ముదిరిన కొద్దిమంది దగ్గర మామూలు తెల్ల పళ్ళేలు, గ్లాసులు తీసేసి ముదురు ఎరుపువి పెట్టి చూశారు. తిండి 25 శాతం, తాగేది 84 శాతం పెరిగింది. ముదురు నీలం కూడా పనిచేసింది. ఎరుపులో మహిమేం లేదు, అన్నం విడిగా కనపడటమే అసలు పని.

కాబట్టి ఎర్రదో నీలందో డిజైను లేని తట్ట ఒకటి, అదే రంగు గ్లాసు ఒకటి కొను. సంగటి రోజు పాత స్టీలు తట్టైనా సరే, రాగి ముద్ద బాగానే కనపడుతుంది. గిన్నెలు వరుసగా పేర్చి పప్పు, కూర, ఊరిబిండి, పెరుగు అన్నీ ఒకేసారి ముందు పెట్టకు, ఏది ముందో తేల్చుకోలేక చెయ్యి ఆగిపోతుంది. పప్పన్నం కలిపి పెట్టు, అది అయ్యాక పెరుగన్నం. స్పూను అలవాటు చేయాలని చూడొద్దు. చేత్తో కలుపుకుని తినడం ఆమె వేళ్ళకు డెబ్బై ఏళ్ళ నుంచి తెలిసిన పని. టీవీ కట్టేయండి. పక్కన ఎవరో ఒకరు కూర్చుని అదే వేళకు తినండి, మీరు తింటుంటే చూసి ఆమె చెయ్యి కదులుతుంది.

ఇక రెండోది. మీ బాత్రూమ్ తలుపు మూసి ఉంటుంది కదా? మూసిన తలుపు వెనక ఏముందో గుర్తుపెట్టుకోవడమే ఈ జబ్బులో పోయే శక్తి. తెరిచినా తెల్ల టైల్స్, తెల్ల గోడ, తెల్ల కమోడ్. కూర్చునే చోటు ఎక్కడుందో తెలియదు. వసారా మూలలో మాత్రం నీళ్ళు పోయే తూము కనపడుతుంది. చిన్నప్పుడు బచ్చలి (ఇంట్లో నీళ్ళు పోసుకునే చోటు) దగ్గర కూర్చున్న మనిషి, తూము కనపడితే అక్కడే కూర్చుంటుంది. ఆమె చేస్తున్నది తెలివైన పనే, చోటే తప్పు.

వాడనప్పుడు బాత్రూమ్ తలుపు బార్లా తెరిచి, పగలూ రాత్రీ లోపల లైటు వేసి ఉంచండి. ఎల్ఈడీ బల్బుకు కరెంటు బిల్లు పెద్దగా రాదు. కమోడ్ మీద ముదురు రంగు సీటు పెట్టించండి. నేల మీద కూర్చునే దొడ్డి అయితే కాళ్ళు పెట్టే చోట రంగు పట్టీలు, పక్క గోడకు పట్టుకునే రాడ్డు, అది కూడా గోడ రంగులో కలవనిది. తలుపు మీద కమోడ్ ఫొటో అంటించండి, నెంబరు ప్లేట్లు చేసే రేడియం స్టిక్కర్ల అంగడిలో చేసిస్తారు. దాన్ని మీ కళ్ళ ఎత్తులో కాకుండా, ఆమె వంగి నడుస్తుంది కాబట్టి నాలుగడుగుల ఎత్తులో పెట్టండి. ఆమె చదువుకున్నదైతే "బాత్రూమ్" అని పెద్ద తెలుగు అక్షరాలు కూడా. లోపలి గడియ పీకేయండి. వేసుకుని తీసుకోలేక లోపల ఇరుక్కుంటే తలుపు పగలగొట్టాల్సి వస్తుంది.

వసారా మూలలో తూము మీద ఒక పెద్ద తులసి కుండీ పెట్టండి. చెత్తడబ్బాలు, ఖాళీ బకెట్లు కూడా కళ్ళ ముందు ఉండకూడదు. పొద్దున లేవగానే, తిన్నాక, పడుకునే ముందు "రా అత్తా, కాళ్ళు కడుక్కుందాం" అని తీసుకుపోతే ఇంకా నయం. ఇదివరకు బాగానే ఉండి, రెండు రోజుల నుంచే ఈ గోల మొదలైతే అది వేరే సంగతి. యూరిన్ ఇన్‌ఫెక్షన్ కావచ్చు, డాక్టరుకు చూపించండి.

ప్రొద్దుటూరు నుంచి, ముగ్గురిలో నడిపి కొడుకు

*మేం ముగ్గురం అన్నదమ్ములం. అమ్మను నెల నెలా వంతులేసుకుని చూసుకుంటున్నాం. ప్రొద్దుటూరులో నేను, కడపలో అన్న, హైదరాబాదులో తమ్ముడు. ఎవరింటికి పోయినా మొదటి పది రోజులు రాత్రి నిద్రపోదు. "మా ఇంటికి తీసుకుపోండి" అని ఏడుస్తుంది. మా వదిన "నా దగ్గర ఉండలేక నాటకాలు" అంటుంది. మేం అందరం బాగానే చూసుకుంటున్నాం కదా, ఎక్కడ లోపం?*

లోపం వంతులోనే ఉంది నాయనా.

మీరు ముగ్గురూ అమ్మను చూసుకోవడం గొప్ప. చూడని కొడుకుల ఉత్తరాలు కూడా నాకు వస్తుంటాయి. కానీ వంతు అన్నది మీకు న్యాయంగా ఉండేటట్టు వేసుకున్న లెక్క. కొత్త సంగతి నేర్చుకుని దాచుకునే మెదడు భాగమే ఈ జబ్బులో ముందు దెబ్బతినేది. కొత్త ఇంట్లో బాత్రూమ్ ఎడమకా కుడికా, రాత్రి లేస్తే గోడ ఎక్కడ తగులుతుంది, ఈ వంట చేసేది ఏ కోడలు, ఇవన్నీ ఆమె మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాలి. కొంచెం అలవాటు పడేసరికి నెల తిరుగుతుంది, మీరు కారెక్కిస్తారు. తమ్ముడి అపార్ట్‌మెంటులో లిఫ్టు, బాల్కనీ, ఒకేలాగా ఉండే తలుపులు ఇంకో బాధ.

"మా ఇల్లు" అంటే ఆమె ఒక అడ్రసు అడగడం లేదు. భయం లేకుండా తిరిగిన చోటు అడుగుతోంది. మీ వదినకు ఈ పేజీ చూపించు. నాటకమాడాలంటే నిన్న ఏం ఆడామో గుర్తుండాలి, ఆమెకు ఆ శక్తే పోయింది. అయితే మీ వదిన అన్న మాట వెనక ఒక అలుపు ఉంది, దాన్ని కూడా వినండి. వంతులు వేసుకుంది అన్నదమ్ములు, రాత్రులు మేలుకునేది కోడళ్ళు.

నా మాటైతే, అమ్మ కదలకూడదు, మీరు కదలాలి. ఆమెకు బాగా అలవాటైన ఇల్లు ఏది? మీ ముగ్గురిలో పాత ఇల్లు ఎవరి దగ్గరుంటే అక్కడ, లేకపోతే ఆ పాత వీధికి దగ్గరగా. ఆ ఇంట్లో ఉన్నవాళ్ళకు మిగతా ఇద్దరూ డబ్బు పంపాలి, పగలు ఒక మనిషిని పెట్టుకోవడానికి. నెలలో కొన్ని రోజులు సెలవు పెట్టుకుని వచ్చి, రాత్రి కాపలా వాళ్ళే కాయాలి. కొడుకు మేలుకుంటే చాలు, కోడలిని పంపడం కాదు.

ఇది కుదరదంటారా, కనీసం వంతును నెల నుంచి ఆరు నెలలకు పొడిగించండి. అమ్మతోపాటు ఆమె గదిని కూడా మోయండి. అదే దుప్పటి, అదే దిండు, అదే దేవుడి పటం, అదే తట్ట, అదే కుర్చీ. ముగ్గురిళ్ళలోనూ మంచం ఒకే తీరుగా వేయండి. పడుకుని కళ్ళు తెరిస్తే కుడి పక్క బాత్రూమ్ తలుపు కనపడటం ఆమెకు అలవాటైతే, మూడు చోట్లా కుడి పక్కే కనపడాలి. ఉతికిన కొత్త దుప్పటి కంటే పాత వాసన ఉన్న దుప్పటి మేలు. చక్కగా సర్దుదామని ఆమె సామాన్లు జరపొద్దు, పండగకు వెల్లవేసినా అన్నీ ఎక్కడివి అక్కడే పెట్టండి.

పెద్దల విషయంలో ఎవరిని అడగాలో తెలియకపోతే 14567 కు ఫోన్ చేయండి. వయోవృద్ధుల హెల్ప్‌లైన్ అది, డబ్బులు పడవు.

కడప నుంచి ఒక గృహిణి

*మా ఆయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు మతిమరుపు. తెల్లవారుజామున మూడున్నరకు లేచి "డ్యూటీకి టైమయింది, ఫస్ట్ బస్సు నాదే" అని చెప్పులేసుకుంటారు. మొన్న ఎవరూ చూడకుండా ఏడు రోడ్ల దాకా పోయినారు. తెలిసిన ఆటో అబ్బాయి తెచ్చి దింపినాడు. బయట నుంచి తాళం వేసుకో అని పిల్లలు అంటున్నారు. నాకు మనసు ఒప్పడం లేదు. టెన్షన్‌తో నేనూ నిద్రపోవడం లేదు.*

మనసు ఒప్పకపోవడం సరైందే అక్కా. మనిషిని లోపల ఒంటరిగా పెట్టి తాళం ఎప్పుడూ వేయకూడదు. గ్యాసో కరెంటో అంటుకుంటే ఏం చేస్తారు? మీరిద్దరూ లోపల ఉండి తలుపు లాక్ చేసుకోవడం వేరు, అప్పుడు తాళంచెవి మీ మెడలోనే ఉండాలి.

రాత్రి ఆయన మంచం మీద మీరు పడుకుని చూడండి. లేవగానే ఏం కనపడుతోంది? నేను పందెం కాస్తాను, వీధి తలుపు, దాని పక్కన చెప్పులు, కొక్కేనికి సంచి. ఆయన లేచింది బహుశా మూత్రానికి. కళ్ళ ముందు చెప్పులు, సంచి, తలుపు కనపడ్డాయి, ఇన్నేళ్ళ అలవాటు మిగతాది పూర్తి చేసింది. మంచం తిప్పి వేయండి. లేస్తే బాత్రూమ్ తలుపు కనపడాలి, దాంట్లో లైటు వెలుగుతుండాలి, మంచం నుంచి అక్కడిదాకా జీరో బల్బు ఉండాలి. చెప్పులు, సంచి, గొడుగు బీరువాలో పెట్టేయండి. వీధి తలుపు మీద గోడ రంగులోనే నేల దాకా కర్టెను వేస్తే తలుపు అక్కడ లేనట్టే ఉంటుంది. గడియ మామూలుగా చెయ్యి పోయే చోట కాకుండా బాగా పైన బిగించండి. తలుపుకు గజ్జెలో చిన్న గంటో కట్టండి, తెరిస్తే మీకు మెలకువ వస్తుంది. అది ఉందన్న ధైర్యంతో మీరు నిద్రపోతారు.

తలుపు ముందు నల్లటి మ్యాట్ వేస్తే గుంత అనుకుని ఆగిపోతారని కొందరు సలహా ఇస్తారు. పనిచేస్తుంది కూడా. నాకు నచ్చదు. కట్టుకున్న ఇంట్లో మనిషిని భయపెట్టి ఆపడమేమిటి?

మూడున్నరకు లేవడాన్ని పూర్తిగా ఆపలేం, కొంచెం జరపగలం. పొద్దున ఎండ పడగానే మీరిద్దరూ వీధిలో ఒక చుట్టు తిరగండి. పగటి వెలుతురు ఒంటికి తగిలితేనే రాత్రి నిద్ర కుదురుతుంది. మధ్యాహ్నం కునుకు తక్కువ చేయండి, సాయంత్రం టీ మానిపించండి. రాత్రా పగలా అని అక్షరాల్లో చూపించే పెద్ద అంకెల గడియారాలు వచ్చాయి, మంచానికి ఎదురుగా ఒకటి పెట్టండి.

అయినా లేచి డ్యూటీ అంటే, "మీరు రిటైరై ఎన్నేళ్ళయింది" అనొద్దు. ఆయనకది అప్పుడే విన్న దుర్వార్త అవుతుంది, రోజూ ఒకసారి ఉద్యోగం పోయినట్టు. "డిపో నుంచి ఫోనొచ్చింది, ఈ పొద్దు మీకు వీక్లీ ఆఫ్" అనండి. కాఫీ ఇవ్వండి. పగలు మాత్రం ఆ పనిని ఆయనకు తిరిగి ఇవ్వండి. అరుగు మీద కుర్చీ, చేతికి పాత తోలు సంచి, దాన్నిండా చిల్లర, పాత టికెట్లు ఉంటే అవి. లెక్కపెట్టుకుంటారు, కట్టలు కడతారు. జర్మనీలో కొన్ని వృద్ధాశ్రమాల ముందు బస్సులు రాని బస్‌స్టాపు కట్టి బెంచీ వేశారు. ఇంటికి పోవాలని బయలుదేరినవాళ్ళు అక్కడ కూర్చుంటారు, ఎవరో ఒకరు వచ్చి మాట కలుపుతారు, కాసేపటికి లోపలికి వస్తారు. మీకు కట్టాల్సిన పనిలేదు, మీ అరుగు ఉండనే ఉంది.

ఆ ఆటో అబ్బాయిని వదలొద్దు. మీ వీధి టీ అంగడి, ఆటోస్టాండు, డిపో గేటు దగ్గర సెక్యూరిటీ, వీళ్ళందరికీ ఆయన ఫొటో, మీ ఫోన్ నెంబరు ఇచ్చి జబ్బు సంగతి దాచకుండా చెప్పండి. టైలరుతో ప్రతి చొక్కా కాలరు లోపల మీ నెంబరు కుట్టించండి. కార్డు అయితే జేబులోంచి తీసి పడేస్తారు. కనపడకపోతే ముందు డిపో, బస్టాండు, పాత ఇల్లు చూడండి, ఈ జబ్బులో కాళ్ళు పాత దారినే పోతాయి. వెంటనే 112 కు ఫోన్ చేయండి. ఒక రోజు ఆగాలన్న రూలు ఏదీ లేదు.

గుంతకల్లు నుంచి

*మా జేజి "ఇంట్లో ఎవరో ముసలామె ఉంది, నన్నే చూస్తుంది" అని సాయంత్రమైతే వణికిపోతుంది. దర్గాలో తాయెత్తు కట్టించాం. తగ్గలేదు.*

మీ బీరువాకు అద్దం ఉందా? ఉంటే దాని మీద దుప్పటి కప్పు. జేజి మనసులో జేజికి ముప్పై ఏళ్ళు, అద్దంలో ముసలామెను గుర్తుపట్టలేదు. చీకటి పడ్డాక కిటికీ అద్దాలు, కట్టేసిన టీవీ కూడా అద్దాలే, కర్టెన్లు వేసెయ్. పొద్దు వాలకముందే, ఐదున్నరకే లైట్లన్నీ వేసెయ్. కరెంటు పోతే వెలిగేటట్టు ఒక ఇన్వర్టర్ బల్బు జేజి గదిలో పెట్టు. తాయెత్తు ఉండనీ, దానితో ఇబ్బంది లేదు.

ఆదోని నుంచి

*రేకుల ఇంట్లో ఒక్క గదిలో బాడుగకు ఉన్నాం. నేను మార్కెట్ యార్డులో హమాలీ. అమ్మకు ఈ జబ్బు. మీరు చెప్పే రంగులు, రాడ్లు ఓనరు వేయనివ్వడు. వెయ్యి రూపాయలు పెట్టగలను. ఏం చేయాలి?*

ఒక్క గది కావడం అమ్మకు మంచిదే అబ్బాయ్, మంచం మీద నుంచి అన్నీ కనపడతాయి. పెద్ద ఇంట్లో వాళ్ళకు దొరకనిది అదే.

ముందు బల్బు. ఉన్నది తీసేసి ఎక్కువ వెలుతురు ఇచ్చే ఎల్ఈడీ పెట్టు. తరువాత ఎర్ర ప్లాస్టిక్ తట్ట, గ్లాసు. మిగిలిన డబ్బుతో రంగు టేపు ఒక రోలు కొని గడపకు, మెట్టు అంచుకు, దొడ్డి తలుపు చుట్టూ అంటించు. ఖాళీ చేసేటప్పుడు పీకేయొచ్చు, ఓనరుకు చెప్పాల్సిన పని కూడా లేదు. వాకిలి తలుపు పైన గడియ ఒకటి, దానికి చిన్న గంట. వంటయ్యాక ప్రతిసారీ సిలిండరు దగ్గర రెగ్యులేటరు కట్టెయ్, పొయ్యి దగ్గర తిప్పి ఊరుకోవద్దు. తేదీ చింపే క్యాలెండరు అంగళ్ళలో ఊరికే ఇస్తారు, మంచానికి ఎదురుగా తగిలించి రోజూ అమ్మ చేతనే చింపించు.

రేకుల కింద ఎండాకాలమే నాకు భయం. ఈ జబ్బున్నవాళ్ళకు దాహం తెలియదు, తెలిసినా అడగరు. నీళ్ళ కుండ, ఆ ఎర్ర గ్లాసు మంచం నుంచి కనపడేచోట పెట్టు. కుండ కనపడకపోతే నీళ్ళు లేనట్టే. నువ్వు యార్డుకు పోయేటప్పుడు పక్కింటి వాళ్ళను గంటకోసారి "అవ్వా, మజ్జిగ తాగు" అని పలకరించమను. మధ్యాహ్నం రేకుల మీద తడి గోనెపట్టాలు పరిస్తే లోపల వేడి కొంచెం తగ్గుతుంది. ఎప్పుడైనా ఒకటి రెండు రోజుల్లోనే అమ్మ బాగా మగతగానో, ఎప్పుడూ లేనంత గందరగోళంగానో అయితే జబ్బు ముదిరిందని ఊరుకోవద్దు. వడదెబ్బ, ఒంట్లో నీళ్ళు తగ్గడం, ఇన్‌ఫెక్షన్, ఏదైనా కావచ్చు, వెంటనే ప్రభుత్వాసుపత్రికి తీసుకుపో. థైరాయిడ్, బి12 తేడాల వల్ల కూడా మతిమరుపు రావచ్చు కాబట్టి, ఆ పరీక్షలు ఇంతవరకు చేయించకపోయి ఉంటే అదే చీటీలో వాటినీ రాయమని అడుగు.